అప్‌డేట్లు వేశాక సర్వర్ రీబూట్ చెయ్యాలా, సర్వీసులు రీస్టార్ట్ చేస్తే సరిపోతుందా?

రాక్‌_నంబర్‌_7

రెండు ఫిజికల్ సర్వర్లు, వాటి పక్కన కొన్ని వర్చువల్ మెషీన్లు నా చేతికొచ్చాయి. కొన్ని డెబియన్, కొన్ని రెడ్‌హ్యాట్ కుటుంబానివి. అప్‌టైమ్ (రీబూట్ లేకుండా నడిచిన కాలం) 600 రోజులు దాటింది. ప్యాకేజీ అప్‌డేట్లు మాత్రం నెలనెలా పడుతూనే ఉన్నాయి, అంటే డిస్కు మీద అంతా కొత్తదే. ఒక ఫిజికల్ మెషీన్ మీద పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, ఇంకోదాని మీద జావా అప్లికేషన్ నడుస్తున్నాయి. ఇప్పుడు వీటిని రీబూట్ చెయ్యాలా? చెయ్యాల్సి వస్తే ఏది చూసి ఆ నిర్ణయం తీసుకోవాలి? అప్‌డేట్ పడిన ప్రతిసారీ రీబూట్ అంటే పైవాళ్లు ఒప్పుకోరు. అసలు చెయ్యకుండా వదిలేద్దామంటే నాకు మనసొప్పడం లేదు.

కెర్నల్‌కాపరి

డిస్కు మీద ఉన్న వెర్షన్ వేరు, మెమరీలో నడుస్తున్నది వేరు. ప్యాకేజీ మేనేజర్ కొత్త లైబ్రరీ వేసేటప్పుడు పాత ఫైలు మీద రాయదు. కొత్త ఫైలు పెట్టి, పాత ఫైలు పేరును డైరెక్టరీలోంచి తీసేస్తుంది. పాత ఫైలును తెరిచి ఉంచిన ప్రాసెస్ ఒక్కటి బతికున్నా ఆ ఐనోడ్ (ఫైలు అసలు రికార్డు) డిస్కు మీదే ఉంటుంది, ఆ ప్రాసెస్ పాత కోడ్‌తోనే నడుస్తుంది. కాబట్టి "ఓపెన్‌ఎస్ఎస్ఎల్ వెర్షన్ కొత్తదే చూపిస్తోంది" అన్నది మీ వెబ్ సర్వర్ గురించి ఏమీ చెప్పదు. 2014 ఏప్రిల్‌లో ఆ ఓపెన్‌ఎస్ఎస్ఎల్ ఎన్‌క్రిప్షన్ లైబ్రరీలోనే హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడినప్పుడు ప్యాకేజీ వేసి సర్వీసు రీస్టార్ట్ చెయ్యని మెషీన్లన్నిటికీ ఆ రంధ్రం అలాగే ఉండిపోయింది.

దీన్ని కళ్లారా చూడొచ్చు. ఏదైనా ప్రాసెస్ నంబరు తీసుకుని /ప్రాక్/నంబరు/మ్యాప్స్ ఫైలు తెరవండి. లిబ్‌ఎస్ఎస్ఎల్ ఉన్న వరుస చివర "డిలీటెడ్" అని ఉంటే ఆ ప్రాసెస్ పాత లైబ్రరీనే పట్టుకుని ఉంది. అన్ని ప్రాసెస్‌లూ ఒకేసారి చూడాలంటే `ఎల్ఎస్ఓఎఫ్` అవుట్‌పుట్‌లో "డీఈఎల్" ఉన్న వరుసలు ఏరుకోవాలి. డెబియన్ మీద `నీడ్‌రీస్టార్ట్` ఈ పని చేసి ఏ సర్వీసులు రీస్టార్ట్ చెయ్యాలో జాబితా ఇస్తుంది. `-బీ` ఇస్తే స్క్రిప్టులో వాడుకునే రూపంలో వస్తుంది. అందులో "కేఎస్టీఏ" విలువ 1 అయితే కెర్నల్ (సిస్టమ్ మూలభాగం) తాజాదే. 2 లేదా 3 అయితే కొత్త కెర్నల్ డిస్కు మీద ఎదురుచూస్తోంది. ఉబుంటులో /వార్/రన్/రీబూట్-రిక్వయిర్డ్ ఫైలు ఉంటే రీబూట్ కావాలని, దాని పక్కనున్న .పీకేజీఎస్ ఫైలులో ఏ ప్యాకేజీ వల్ల కావాలో ఉంటుంది. ఆ రెండోది చదివేవాళ్లు తక్కువ. అసలు సమాచారం అందులోనే ఉంది.

రెడ్‌హ్యాట్ వైపు `డీఎన్ఎఫ్ నీడ్స్-రీస్టార్టింగ్ -ఆర్`. ఎగ్జిట్ కోడ్ 1 వస్తే రీబూట్ కావాలి, 0 అయితే అక్కర్లేదు. సర్వీసుల జాబితాకి `-ఎస్`.

పోర్ట్‌22

పైన చెప్పినదానికి నా చేర్పు. నిర్ణయం ప్యాకేజీని బట్టి ఉంటుంది, అప్‌టైమ్‌ని బట్టి కాదు.

కెర్నల్, సీపీయూ మైక్రోకోడ్ (సీపీయూ లోపలి సాఫ్ట్‌వేర్), ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్‌లో (బూట్ మొదట్లో లోడయ్యే చిన్న ఫైల్‌సిస్టమ్) కూర్చునే డ్రైవర్ ఫర్మ్‌వేర్: వీటికి రీబూటే. ఓపెన్‌ఎస్ఎస్ఎల్, జడ్‌లిబ్, కర్ల్ లాంటివైతే వాడే సర్వీసుల్ని రీస్టార్ట్ చేస్తే చాలు. ఎస్ఎస్‌హెచ్ డెమన్ రీస్టార్ట్ చేస్తే మీ సెషన్ తెగిపోతుందేమోనని చాలామంది ఆగిపోతారు. తెగదు. కొత్తగా వచ్చే కనెక్షన్లే కొత్త ప్రాసెస్‌కి వెళ్తాయి. అయినా పక్కన ఇంకో సెషన్ తెరిచి ఉంచుకుని `ఎస్ఎస్‌హెచ్‌డీ -టీ`తో కాన్ఫిగ్ సరిచూసి అప్పుడు చెయ్యండి.

చిక్కంతా గ్లిబ్‌సీతోనే, అంటే సీ భాష ప్రాథమిక లైబ్రరీతో. దాన్ని వాడని ప్రాసెస్ దాదాపు ఉండదు, పీఐడీ 1 (మొట్టమొదటి ప్రాసెస్, అంటే సిస్టమ్‌డీ) కూడా అందులోనే. `సిస్టమ్‌సీటీఎల్ డెమన్-రీఎగ్జెక్` ఇస్తే సిస్టమ్‌డీ తన స్థితి దాచుకుని కొత్త లైబ్రరీతో మళ్లీ మొదలవుతుంది, అంతవరకు బాగానే ఉంటుంది. ఆ తర్వాత ప్రాసెస్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే డీ-బస్ ఉంది. నడుస్తున్న మెషీన్‌లో డీ-బస్ రీస్టార్ట్ చేస్తే లాగిన్ మేనేజర్, నెట్‌వర్క్ మేనేజర్ లాంటివి దానితో తెగిపోయి వింతగా ప్రవర్తిస్తాయి. గ్లిబ్‌సీ మారితే ముప్పై సర్వీసుల్ని ఒక్కొక్కటిగా రీస్టార్ట్ చేసి, ఆఖర్న రెండు మిగిలిపోయాయని బెంగపడే బదులు ఒక్క రీబూట్ మేలు. సేవ ఆగే సమయం కూడా తక్కువే.

అప్‌టైమ్‌_అభిమాని

నేను కాస్త అడ్డం పడతాను. పోస్ట్‌గ్రెస్ మెషీన్ లోపలి నెట్‌వర్క్‌లో ఉందని, దానిమీద మామూలు యూజర్లకి లాగిన్ లేదని అనుకుందాం. కెర్నల్ సీవీఈల్లో (నమోదైన భద్రతా లోపాల్లో) ఎక్కువ భాగం వాడుకోవాలంటే ముందే ఆ మెషీన్ మీద లోకల్ యూజర్ అయ్యుండాలి. లోకల్ యూజరే లేనిచోట నెలకోసారి డేటాబేస్ ఆపడం దేనికి? పైగా రీబూట్ లేకుండానే కెర్నల్‌ని సరిచేసే లైవ్ ప్యాచింగ్ ఉంది. లినక్స్ 4.0 నుంచి, అంటే 2015 నుంచి కెర్నల్‌లోనే దానికి పునాది ఉంది. ఒరాకిల్ కేస్ప్లైస్, రెడ్‌హ్యాట్ కేప్యాచ్, కనానికల్ లైవ్‌ప్యాచ్ అన్నీ నడుస్తున్న మెషీన్ మీదే రంధ్రం మూసేస్తాయి.

కెర్నల్‌కాపరి

సీవీఈ చదివి, వర్తిస్తుందో లేదో చూసి వాయిదా వెయ్యడం సరైన పనే. చదవకుండా వాయిదా వెయ్యడంతోనే నాకు పేచీ. "లోకల్ యూజర్ లేడు" అన్న లెక్క మాత్రం జాగ్రత్తగా వెయ్యాలి. వెబ్ అప్లికేషన్‌లో ఒక చిన్న లోపంతో డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా (వెబ్ సర్వర్ నడిచే ఖాతా) యూజర్‌గా షెల్ దొరికితే వాడు లోకల్ యూజరే. 2016 నాటి డర్టీ కౌ అనే కెర్నల్ లోపం సరిగ్గా షెల్ దొరికాక రూట్ అయ్యే ఆ రెండో మెట్టుకే పనికొచ్చింది.

లైవ్ ప్యాచ్ పాత ఫంక్షన్ మొదట్లో ఎఫ్‌ట్రేస్ (కెర్నల్ ఫంక్షన్లని గమనించే సదుపాయం) ద్వారా మళ్లింపు పెట్టి కొత్త ఫంక్షన్‌కి పంపుతుంది. కోడ్ మారితే ఇది హాయిగా పనిచేస్తుంది. డేటా స్ట్రక్చర్ రూపమే మారిన చోట కష్టం, ఎందుకంటే పాత రూపంలో ఉన్న వస్తువులు అప్పటికే మెమరీ నిండా ఉన్నాయి. అందుకే లైవ్ ప్యాచ్‌లు ముఖ్యమైన సీవీఈలకే వస్తాయి, మామూలు బగ్ ఫిక్సులకి రావు. ఒక్కో కెర్నల్ వెర్షన్‌కి కొంతకాలమే వస్తాయి. మైక్రోకోడ్‌కీ గ్లిబ్‌సీకీ కెర్నల్ లైవ్ ప్యాచ్‌తో సంబంధం లేదు. ఇంకో సంగతి, ప్యాచ్ పడినా `యూనేమ్ -ఆర్` పాత వెర్షనే చూపిస్తుంది. సెక్యూరిటీ స్కానర్ ఎర్రజెండా ఎత్తితే `కేప్యాచ్ లిస్ట్` లేదా `కనానికల్-లైవ్‌ప్యాచ్ స్టేటస్` అవుట్‌పుట్ జతచేయాల్సి ఉంటుంది.

రీబూట్‌ని వచ్చే వారం మెయింటెనెన్స్ వేళ దాకా ఆపుకోవడానికి లైవ్ ప్యాచ్ బంగారం. రెండేళ్లు ఆపుకోవడానికి కాదు.

రాత్రి‌షిఫ్ట్

రాక్ గారూ, మీ అసలు ప్రమాదం సీవీఈ కాదు. 600 రోజుల్లో ఆ మెషీన్‌లో ఎవరెవరు ఏమేం మార్చారో, అందులో ఏది డిస్కు మీద రాయకుండా మెమరీలోనే ఉందో ఎవరికీ తెలియకపోవడం ప్రమాదం. కరెంటు పోయో, మదర్‌బోర్డు పోయో ఏదో ఒకరోజు అది ఎలాగూ ఆగుతుంది. ఆ రోజు మీరు ఎంచుకున్నది అయ్యుండదు.

కాబట్టి మొదటి రీబూట్, అప్‌డేట్ లేకుండా చెయ్యండి. ఇది చాలామందికి వింతగా అనిపిస్తుంది. అప్‌డేట్ వేసి వెంటనే రీబూట్ చేస్తే, మెషీన్ లేవనప్పుడు తప్పు కొత్త కెర్నల్‌దా, ఏడాది కింద ఎవరో ఎఫ్‌స్టాబ్‌లో (మౌంట్ కావాల్సిన డిస్కుల జాబితా) పెట్టిన వరుసదా అన్నది తేలదు. మీకు అప్‌డేట్లు ఇప్పటికే పడి ఉన్నాయి కాబట్టి, గ్రబ్ (బూట్ లోడర్) మెనూలో ప్రస్తుతం నడుస్తున్న కెర్నల్‌నే ఎంచుకుని ఒకసారి రీబూట్ చెయ్యండి. అది లేచి అన్నీ సరిగా ఉన్నాయనుకున్నాక రెండోసారి కొత్త కెర్నల్‌తో. ముందు ఆ పాత కెర్నల్ /బూట్‌లో ఇంకా ఉందో లేదో చూడండి. డీఎన్ఎఫ్‌లో ఇన్‌స్టాల్‌ఓన్లీ_లిమిట్ మామూలుగా 3. నడుస్తున్నదాన్ని అది తీసెయ్యదు గానీ చేత్తో తుడిచినవాళ్లు ఉండొచ్చు.

రీబూట్‌కి ముందు ఇవి తీసి ఇంకో మెషీన్‌లో దాచుకోండి: `ఎస్ఎస్ -ఎల్ఎన్‌టీపీ` (ఏ పోర్టు మీద ఎవరు వింటున్నారు), `ఐపీ ఆడ్ర్`, `ఐపీ రూట్`, `ఐపీటేబుల్స్-సేవ్` లేదా `ఎన్ఎఫ్‌టీ లిస్ట్ రూల్‌సెట్`, `సిస్‌సీటీఎల్ -ఏ`, `ఫైండ్‌ఎంఎన్‌టీ`, `ఎల్ఎస్‌మాడ్`, `ఎల్ఎస్‌బీఎల్‌కే -ఎఫ్`. లేచాక మళ్లీ తీసి `డిఫ్` చూడండి. చేత్తో కలిపిన రూటు, `సిస్‌సీటీఎల్ -డబ్ల్యూ`తో మార్చి ఫైలులో రాయని విలువ, సేవ్ చెయ్యని ఫైర్‌వాల్ రూలు అన్నీ అక్కడే బయటపడతాయి.

చేత్తో నడిపిన ప్రాసెస్‌లు వీటన్నిటికంటే ప్రమాదం. ఎస్ఎస్ జాబితాలో ఉన్న ప్రతి ప్రాసెస్ నంబరుకీ `సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ నంబరు` కొట్టండి. సరైన సర్వీసు అయితే మొదటి వరుసలో దాని యూనిట్ (సిస్టమ్‌డీ సర్వీసు ఫైలు) పేరు వస్తుంది. "సెషన్-412.స్కోప్" అని వచ్చిందంటే ఎవరో లాగిన్ అయ్యి స్క్రీన్‌లోనో నోహప్‌తోనో నడిపి వెళ్లిపోయారు. రీబూట్ తర్వాత అది లేవదు. యూనిట్ పేరు వచ్చినా `ఈజ్-ఎనేబుల్డ్` కూడా అడగండి, స్టార్ట్ చేసి ఎనేబుల్ చెయ్యనివి బోలెడు. డాకర్ ఉంటే కంటైనర్ రీస్టార్ట్ పాలసీ "నో" ఉందేమో చూడండి, అది డిఫాల్ట్.

ఎఫ్‌స్టాబ్‌కి `ఫైండ్‌ఎంఎన్‌టీ --వెరిఫై`. అందులో యూయూఐడీ (డిస్కు శాశ్వత గుర్తింపు) బదులు /డెవ్/ఎస్‌డీబీ1 లాంటి పేర్లుంటే మార్చండి. రీబూట్‌లో డిస్కుల వరుస మారితే వేరే డిస్కు మౌంట్ అవుతుంది. లేని డిస్కు కోసం సిస్టమ్‌డీ 90 సెకన్లు ఎదురుచూసి ఎమర్జెన్సీ మోడ్‌లో కూర్చుంటుంది, నెట్‌వర్క్ కూడా రాదు. బ్యాకప్ డిస్కు లాంటి ప్రాణాధారం కానివాటికి "నోఫెయిల్" పెట్టండి.

/టీఎంపీలో ఏమైనా దాచారేమో కూడా ఒకసారి చూడండి. రీబూట్‌తో పోయే అవకాశం ఉంది. అక్కడ డంప్ ఫైళ్లు, లైసెన్సు ఫైళ్లు దొరుకుతుంటాయి.

రాక్‌_నంబర్‌_7

చాలా ఉపయోగం, ధన్యవాదాలు. రెండు ప్రశ్నలు. సర్వర్లు నా దగ్గర లేవు, డేటాసెంటర్‌లో ఉన్నాయి. కొత్త కెర్నల్ లేవకపోతే నేను అక్కడికి వెళ్లే లోపు గంటలు పోతాయి. రెండోది, ఒక మెషీన్ మీద /బూట్ 94 శాతం నిండి ఉంది.

గ్రబ్‌_గురుతు

/బూట్ సంగతి ముందు. నిండిన /బూట్ మీద కెర్నల్ అప్‌డేట్ పడితే కెర్నల్ ఇమేజ్ పట్టేసి, ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ సగంలో "నో స్పేస్ లెఫ్ట్" అని ఆగిపోవచ్చు. గ్రబ్‌లో కొత్త ఎంట్రీ కనిపిస్తుంది, బూట్ చేస్తే రూట్ ఫైల్‌సిస్టమ్ దొరకలేదని ప్యానిక్ (కెర్నల్ ఆగిపోవడం). `ఎల్ఎస్ -ఎల్ /బూట్` కొట్టి ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ ఫైళ్ల సైజులు పోల్చండి. మిగతావి 60 ఎంబీ ఉండి కొత్తది 11 ఎంబీ ఉంటే అది తెగిపోయిన ఫైలే. పాత కెర్నళ్లని `ఆప్ట్ ఆటోరిమూవ్ --పర్జ్`తోనో, రెడ్‌హ్యాట్‌లో `డీఎన్ఎఫ్ రిమూవ్ --ఓల్డ్‌ఇన్‌స్టాలోన్లీ`తోనో తీసి, తర్వాత `అప్‌డేట్-ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ -యూ -కే వెర్షన్` లేదా `డ్రాకట్ -ఎఫ్`తో మళ్లీ కట్టండి. ఆర్ఎం కొట్టి ఫైళ్లు తుడవకండి, ప్యాకేజీ డేటాబేస్‌కి ఆ సంగతి తెలియదు. బయటి డ్రైవర్లు ఉంటే `డీకేఎంఎస్ స్టేటస్`లో కొత్త కెర్నల్ పేరు ఎదురుగా "ఇన్‌స్టాల్డ్" ఉండాలి. నెట్‌వర్క్ కార్డు డ్రైవరే అలాంటిదైతే లేచిన మెషీన్ కూడా మీకు అందదు. సెక్యూర్ బూట్ ఉంటే సంతకం లేని మాడ్యూల్ లోడ్ కాదు.

దూరంగా ఉన్న మెషీన్‌కి గ్రబ్‌లోనే వలకట్టొచ్చు. గ్రబ్_డిఫాల్ట్=సేవ్డ్ పెట్టి, పాత కెర్నల్‌ని `గ్రబ్-సెట్-డిఫాల్ట్`తో శాశ్వత ఎంపిక చెయ్యండి. కొత్తదాన్ని `గ్రబ్-రీబూట్`తో ఒక్కసారికి మాత్రమే ఎంచుకోండి. కెర్నల్ వరుసలో ప్యానిక్=30 చేర్చండి. కొత్తది ప్యానిక్ అయితే 30 సెకన్ల తర్వాత తనంతట తనే రీబూట్ అయ్యి పాతదానిలోకి వస్తుంది. డెబియన్ ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ కూడా ఈ ప్యానిక్ విలువని పాటించి, షెల్‌లో కూర్చోకుండా రీబూట్ చేస్తుంది. డ్రాకట్ వాడే చోట ఆర్‌డీ.షెల్=0, ఆర్‌డీ.ఎమర్జెన్సీ=రీబూట్ చేర్చాలి.

ఇందులో ఒక గొయ్యి ఉంది. /బూట్ ఎల్‌వీఎం మీదో సాఫ్ట్‌వేర్ రెయిడ్ మీదో ఉంటే గ్రబ్ తన ఎన్విరాన్‌మెంట్ ఫైలుని రాయలేదు. అంటే "ఒక్కసారి" అన్న గుర్తు చెరగదు, చెడ్డ కెర్నలే మళ్లీ మళ్లీ ఎక్కుతుంది. మీ /బూట్ మామూలు పార్టిషన్ అయితేనే ఈ వలని నమ్మండి.

వీటన్నిటికీ ముందు, దూరం నుంచి సర్వర్ స్క్రీన్ చూపించే కన్సోల్. ఐడ్రాక్, ఐలో, ఏదున్నా రీబూట్‌కి ముందురోజే లాగిన్ అయ్యి స్క్రీన్ కనబడుతోందో లేదో చూడండి. పాస్‌వర్డ్ తెలియదనో, దాని ఐపీ మారిందనో, బ్రౌజర్ పాత టీఎల్ఎస్‌ని ఒప్పుకోవడం లేదనో తెలుసుకునే సమయం సర్వర్ పడిపోయాక కాదు. `ఐపీఎంఐటూల్ -ఐ లాన్‌ప్లస్ ... సోల్ యాక్టివేట్` పనిచేస్తే ఇంకా మంచిది. డిస్క్ ఎన్‌క్రిప్షన్ ఉంటే పాస్‌ఫ్రేజ్ అక్కడే కొట్టాల్సి వస్తుంది.

అప్‌టైమ్‌_అభిమాని

పాత డిస్కుల సంగతి ఎవరూ ఎత్తలేదు. ఏళ్లతరబడి తిరిగిన డిస్కు ఆగితే మళ్లీ తిరగకపోవడం నిజంగా జరుగుతుంది.

రాత్రి‌షిఫ్ట్

జరుగుతుంది, అయితే పవర్ తీసినప్పుడు. మామూలు రీబూట్‌లో డిస్కులకి కరెంటు పోదు, తిరుగుతూనే ఉంటాయి. అందుకే మొదటిసారి వార్మ్ రీబూటే చెయ్యాలి, పవర్ సైకిల్ కాదు. అంతకుముందు `స్మార్ట్‌సీటీఎల్ -ఏ`లో రీఅలొకేటెడ్, పెండింగ్ సెక్టార్లు చూసి, /ప్రాక్/ఎండీస్టాట్‌లో అన్ని డిస్కులూ "యూ" అని ఉన్నాయో లేదో చూడండి. రెయిడ్‌లో ఒకటి ఇప్పటికే పోయి ఉంటే ముందు అది మార్చండి, రీబూట్ తర్వాత సంగతి.

డీబీ‌దాక్షిణ్యం

పోస్ట్‌గ్రెస్ మెషీన్ గురించి. ఆపడానికి కొంచెం ముందు చేత్తో `చెక్‌పాయింట్` (మెమరీలోని మార్పుల్ని డిస్కుకి రాసే ఆదేశం) కొట్టండి, వెంటనే ఇంకోసారి కొట్టండి. మొదటిది ఎక్కువసేపు తీసుకుంటుంది, అప్పుడు డేటాబేస్ సేవ చేస్తూనే ఉంటుంది కాబట్టి నష్టం లేదు. ఆ తర్వాత షట్‌డౌన్‌లో రాయాల్సినది కొద్దిగానే మిగులుతుంది. యూనిట్ ఫైలులో టైమౌట్‌స్టాప్‌సెక్ చూడండి. సిస్టమ్‌డీ డిఫాల్ట్ 90 సెకన్లు, అది దాటితే ఎస్ఐజీకిల్, అంటే ప్రాసెస్‌ని బలవంతంగా చంపేస్తుంది. డేటా పోదు గానీ లేచేటప్పుడు వాల్ లాగ్ (మార్పుల చిట్టా) మళ్లీ నడిపించుకోవాలి, మీరు ఆదా చేద్దామనుకున్న సమయం అక్కడ పోతుంది.

లేచాక కాష్ ఖాళీ. మొదటి పదిహేను ఇరవై నిమిషాలు క్వెరీలు మందంగా ఉంటే కంగారుపడకండి. పెద్ద టేబుళ్లకి పీజీ_ప్రీవార్మ్ ఎక్స్‌టెన్షన్ ఉంది. మైఎస్‌క్యూఎల్‌లో అయితే 5.7 నుంచి బఫర్ పూల్ జాబితా షట్‌డౌన్‌లో దాచి, లేచాక నింపుకోవడం డిఫాల్ట్‌గానే జరుగుతుంది.

ఎవరూ అనుకోని మూల ఇంకొకటి ఉంది. ఈ 600 రోజుల్లో ఆ మెషీన్‌లో డిస్ట్రో మేజర్ వెర్షన్ మారిందా? నడుస్తున్న పోస్ట్‌మాస్టర్ (పోస్ట్‌గ్రెస్ ప్రధాన ప్రాసెస్) పాత గ్లిబ్‌సీనే పట్టుకుని ఉంటుంది, అది పుట్టించే ప్రతి బ్యాకెండూ అంతే. రీస్టార్ట్ అయ్యాక కొత్త గ్లిబ్‌సీ వస్తుంది. 2018లో వచ్చిన గ్లిబ్‌సీ 2.28 అక్షరక్రమ నియమాలని భారీగా మార్చింది. పాత క్రమంలో కట్టిన టెక్స్ట్ ఇండెక్స్‌లు కొత్త క్రమంలో తప్పు అవుతాయి: ఉన్న వరుస దొరకదు, యూనిక్ కాలమ్‌లో రెండోసారి చేరుతుంది. అలాంటి మార్పు దాటుతుంటే టెక్స్ట్ ఇండెక్స్‌లకి `రీఇండెక్స్` సమయం కూడా లెక్కలో వేసుకోండి. ఒకే రిలీజ్‌లోపల వచ్చే సెక్యూరిటీ అప్‌డేట్లకి ఈ భయం అక్కర్లేదు.

క్లస్టర్‌_కావలి

ఇది చదివేవాళ్లలో క్లస్టర్లు ఉన్నవాళ్లకి క్లుప్తంగా. కుబెర్నెటిస్‌లో `క్యూబ్‌సీటీఎల్ డ్రెయిన్`తో పనులు వేరే నోడ్లకి తరలించి, ఒక్కో నోడ్‌నే రీబూట్ చెయ్యండి. పాడ్ డిస్రప్షన్ బడ్జెట్‌లో మ్యాక్స్‌అన్‌అవెయిలబుల్ 0 పెట్టినవాళ్లుంటే డ్రెయిన్ ఎప్పటికీ ముగియదు. ఈటీసీడీ (క్లస్టర్ స్థితిని దాచే డేటా స్టోర్) మూడు నోడ్లయితే ఒకటి లేచి ఆరోగ్యంగా ఉందని తేలేవరకు రెండోదాన్ని ముట్టుకోకండి, కోరం (పనిచెయ్యడానికి కావాల్సిన కనీస నోడ్లు) రెండు. సెఫ్ స్టోరేజ్‌లో ముందు `సెఫ్ ఓఎస్‌డీ సెట్ నోఅవుట్`, చివర్లో అన్‌సెట్ మరవొద్దు. కంటైనర్లకి సొంత కెర్నల్ ఉండదు. హోస్ట్ రీబూట్ కాకపోతే ఇమేజ్ ఎంత కొత్తదైనా కెర్నల్ రంధ్రం అలాగే ఉంటుంది.

పోర్ట్‌22

పీఓఎస్‌టీకి (ఆన్ అయ్యేటప్పటి హార్డ్‌వేర్ పరీక్షకి) ఎక్కువసేపు తీసుకునే పెద్ద మెమరీ మెషీన్లకి `సిస్టమ్‌సీటీఎల్ కెక్సెక్` ఉంది. ఫర్మ్‌వేర్ దశ దాటేసి నేరుగా కొత్త కెర్నల్‌లోకి వెళ్తుంది. సిస్టమ్‌డీ 254 నుంచి `సాఫ్ట్-రీబూట్` కూడా వచ్చింది, యూజర్‌స్పేస్ మొత్తం కొత్తగా లేస్తుంది, కెర్నల్ మాత్రం అదే. గ్లిబ్‌సీ ఒక్కటే మారినప్పుడు ఇది చక్కని మధ్యదారి. ఏళ్లుగా ఆగని మెషీన్‌కి మాత్రం మొదటిసారి పూర్తి రీబూటే చెయ్యండి. ఫర్మ్‌వేర్ దారి కూడా పనిచేస్తోందో లేదో తేలాలి కదా.

కెర్నల్‌కాపరి

సందర్భం వచ్చింది కాబట్టి. ఎక్కువకాలం నడవడం దానంతట అదే కొన్ని బగ్‌లని తెస్తుంది. సెకనుకి 100 టిక్కులు లెక్కపెట్టే 32 బిట్ కౌంటర్ 497 రోజులకి సున్నాకి తిరుగుతుంది, పాత లినక్స్‌లో అప్‌టైమే మళ్లీ మొదటికొచ్చేది. తర్వాతి రోజుల్లో కొన్ని ఎక్స్86 కెర్నళ్లు సమయ లెక్కలో ఓవర్‌ఫ్లో వల్ల 208 రోజులు దాటాక ప్యానిక్ అయ్యేవి. 2019 నవంబర్‌లో హెచ్‌పీఈ తన కొన్ని ఎస్ఏఎస్ ఎస్ఎస్‌డీలు సరిగ్గా 32,768 గంటలకి పనిచెయ్యడం మానేస్తాయని, ఫర్మ్‌వేర్ మార్చమని ప్రకటించింది. ఒకేసారి కొని ఒకే రెయిడ్‌లో పెట్టినవన్నీ కలిసి పోతాయి. ఇలాంటిదానికి రీబూట్ మందు కాదు. అయితే మెషీన్ ఆపే వేళ దొరికినప్పుడు ఫర్మ్‌వేర్ నోటీసులు కూడా చూడండి.

రాక్‌_నంబర్‌_7

రాత్రి‌షిఫ్ట్ గారు చెప్పినట్టే చూశాను. జావా ప్రాసెస్‌కి స్టేటస్ కొడితే "సెషన్-4.స్కోప్" వచ్చింది. పోర్టు 8080, రూట్ యూజర్, నోహప్. పాత వర్కింగ్ డైరెక్టరీ, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ ఏమిటో ఎక్కడా రాసి లేదు.

రాత్రి‌షిఫ్ట్

ప్రాసెస్ బతికుండగానే అన్నీ దొరుకుతాయి. /ప్రాక్/నంబరు/సీడబ్ల్యూడీ లింకు వర్కింగ్ డైరెక్టరీ చెబుతుంది. ఎన్విరాన్ ఫైలుని `టీఆర్`తో సున్నా బైట్లని కొత్త వరుసలుగా మార్చి చదవండి, సీఎండీలైన్ కూడా అలాగే. లిమిట్స్ ఫైలులో ఓపెన్ ఫైళ్ల పరిమితి చూడండి. షెల్‌లో `యూలిమిట్ -ఎన్` పెంచి నడిపి ఉంటే అది యూనిట్‌లో లిమిట్‌నోఫైల్ కింద రాయాలి, లేకపోతే లోడ్ పెరిగినప్పుడు "టూ మెనీ ఓపెన్ ఫైల్స్". ఎన్విరాన్‌లో పాస్‌వర్డ్‌లు ఉండొచ్చు, టికెట్‌లో అతికించకండి.

`ఎల్ఎస్ -ఎల్ /ప్రాక్/నంబరు/ఎఫ్‌డీ` కూడా చూడండి. జార్ ఫైలు (జావా ప్రోగ్రామ్ ప్యాకేజీ) పక్కన "డిలీటెడ్" ఉంటే డిస్కు మీదున్న జార్ నడుస్తున్నది కాదు. అప్పుడు ఆ ఎఫ్‌డీ నంబరు నుంచే `సీపీ` కొట్టి పాత జార్‌ని దాచండి. ప్రాసెస్ చస్తే ఆ కాపీ ఇంకెక్కడా ఉండదు.

తర్వాత యూనిట్ రాసి, మెయింటెనెన్స్ వేళ మొదట్లో రీబూట్‌కి ముందే పాత ప్రాసెస్‌ని ఆపి, యూనిట్ ద్వారా ఎక్కించి, అప్లికేషన్ వాళ్లతో పరీక్ష చేయించండి. పోస్ట్‌గ్రెస్ వేరే మెషీన్‌లో ఉంది కాబట్టి యూనిట్‌లో ఆఫ్టర్= రాస్తే ఉపయోగం లేదు. రీస్టార్ట్=ఆన్-ఫెయిల్యూర్, రీస్టార్ట్‌సెక్=10 పెట్టండి. స్టార్ట్‌లిమిట్‌ఇంటర్వల్‌సెక్=0 కూడా పెడితే డేటాబేస్ ఎంత ఆలస్యమైనా ప్రయత్నం ఆగదు. రూట్ బదులు వేరే యూజర్‌కి మార్చడం మంచిదే గానీ అదే రాత్రి చెయ్యకండి, లాగ్ ఫైళ్ల పర్మిషన్లతో ఇంకో గొడవ మొదలవుతుంది. డేటాబేస్ మెషీన్ ముందు, అది నిలబడ్డాక జావాది.